అరీనాలో గెలవాలంటే ముందు ఆకుపచ్చ గీతను చూసుకోండి

మొన్న రాత్రి పదకొండున్నరకు మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, మళ్లీ చచ్చిపోయాను. ఆ పసుపు బట్టలవాడు నాలుగు దెబ్బల్లో పడేస్తున్నాడు. నా కత్తి తగులుతూనే ఉంది, వాడికి మాత్రం ఏమీ కావట్లేదు" అన్నాడు. గొంతులో నిజంగానే టెన్షన్ ఉంది. నేను ఒక్కటే అడిగాను, "నువ్వు కొట్టేటప్పుడు పచ్చ గీత ఎంతుంది?" అని. "ఏ పచ్చ గీత?" అన్నాడు.

వాడికి ఆ రాత్రి గంటన్నర పాటు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఆట పేరు ఒబ్లివియన్, ఎల్డర్ స్క్రోల్స్ అనే వీడియో గేమ్‌ల వరుసలో నాలుగోది, 2006లో వచ్చింది. అందులో ఇంపీరియల్ సిటీ అనే నగరంలో జనం చూస్తుండగా చచ్చేదాకా కత్తులతో తలపడే గోదా ఉంటుంది, అదే అరీనా. 2025లో ఆటను కొత్త హంగులతో మళ్లీ విడుదల చేశారు. ఆ కొత్తదానిలో పోరాటం లెక్కలు కొంత మారాయి. తెనాలిలో మా మెడికల్ షాపు మూసి ఇంటికొచ్చాక నేను ఇన్నేళ్లుగా ఆడుతున్నది పాతదే, మా తమ్ముడి లాప్‌టాప్‌లో ఉన్నదీ పాతదే. కాబట్టి నేను చెప్పేదంతా ఆ పాత ఆటకు సంబంధించింది.

తెర మీద మూడు గీతలు ఉంటాయి. ఎరుపు ప్రాణం, నీలం మంత్రశక్తి, ఆకుపచ్చ ఒంట్లో సత్తువ. ఆటలో దాన్ని ఫటీగ్ అంటారు. కొత్తవాళ్లంతా ఎరుపునే చూస్తారు, ఎందుకంటే చావు అక్కడే కనిపిస్తుంది. కానీ కత్తి బలం ఆకుపచ్చలో ఉంటుంది. ఆ గీత నిండుగా ఉన్నప్పుడు మీ కత్తి వేటు ఎంత గాయం చేస్తుందో, గీత ఖాళీ అయ్యాక అదే వేటు అందులో సగం మాత్రమే చేస్తుంది. ప్రతి వేటుకీ కొంత సత్తువ పోతుంది. బటన్ నొక్కిపట్టి కొట్టే పవర్ అటాక్‌కు ఇంకా ఎక్కువ పోతుంది. గెంతినా పోతుంది. మా తమ్ముడు తలుపు తెరుచుకోగానే పరిగెత్తుకెళ్లి, గెంతుతూ, ఆపకుండా పవర్ అటాక్‌లు కొడుతున్నాడు. పది సెకన్లలో గీత అడుగంటుతోంది. ఆ తర్వాత వాడు కొట్టే ప్రతి దెబ్బా సగం దెబ్బే. అవతలివాడికి ఏమీ కావట్లేదని అనిపించడంలో వింతేముంది?

హైస్కూల్లో నేను కబడ్డీ ఆడేదాన్ని. కూతకు వెళ్లినప్పుడు ఎంతమందిని తాకాలా అని కాదు, ఊపిరి ఎంత మిగిలింది, గీత ఎంత దూరంలో ఉంది అన్న లెక్క లోపల నడుస్తూనే ఉండాలి. కూత తెగకముందే వెనక్కి రావాలి. అరీనాలోనూ నేను అలాగే ఆడతాను. పచ్చ గీత మూడింట ఒక వంతుకు వచ్చిందంటే ఇక కొట్టను. డాలు ఎత్తి రెండడుగులు వెనక్కి వేస్తాను, అది నిండాక మళ్లీ ముందుకెళతాను.

ఇక డాలు సంగతి. అరీనాలో ఎక్కువ మ్యాచ్‌లు గెలిపించేది కత్తి కాదు, డాలే. కంప్యూటర్‌లో మౌస్ ఎడమ బటన్ కొట్టడానికి, కుడి బటన్ కాచుకోవడానికి. కుడి బటన్ నొక్కిపట్టి ఎదుటివాడి దగ్గరకు నడవండి. పరిగెత్తొద్దు. మీ దృష్టి వాడి చేతి మీద ఉండాలి. వాడు చెయ్యి వెనక్కి లాగుతాడు, కత్తి వేస్తాడు, అది మీ డాలుకు తగిలి టంగుమంటుంది. చాలాసార్లు ఆ దెబ్బకు కొట్టినవాడే వెనక్కి తూలుతాడు, చెయ్యి పక్కకు పోయి ఛాతీ తెరుచుకుంటుంది. అదే మీ సమయం. కుడి బటన్ వదిలి రెండు మామూలు వేట్లు వేసి వెంటనే మళ్లీ డాలు ఎత్తండి. మూడోది వేయాలని చెయ్యి లాగుతుంది, వేయొద్దు. మూడో వేటు సగంలో ఉండగా వాడు తేరుకుని కొడతాడు, అప్పుడు మీ డాలు కింద ఉంటుంది. నేను ఈ లెక్కను నోటితో అనుకుంటూ ఆడతాను, "కాచు, ఒకటి, రెండు, కాచు" అని. పక్క గదిలో మా అమ్మ ఏదో జపం చేసుకుంటున్నానని అనుకున్న రోజులున్నాయి.

మొదట్లో డాలు కాచుకున్నప్పుడు కూడా సత్తువ తగ్గుతుంది. కాచుకునే కొద్దీ బ్లాక్ నైపుణ్యం పెరుగుతుంది, అది 25కు చేరిందంటే ఆ ఖర్చు పోతుంది. అక్కడి నుంచి ఆట తేలికవుతుంది. కాబట్టి మొదటి రెండు మూడు మ్యాచ్‌ల్లో తొందరగా చంపేయాలని చూడకండి, దెబ్బలు డాలు మీద తీసుకుంటూ కాసేపు సాగనివ్వండి. గెలుపూ వస్తుంది, బ్లాక్ కూడా పెరుగుతుంది.

పవర్ అటాక్ అసలు వాడొద్దని కాదు. కత్తి నైపుణ్యం 50 దాటాక పక్కకు జరుగుతూ కొట్టే పవర్ అటాక్‌తో ఎదుటివాడి ఆయుధం జారిపోయే అవకాశం ఉంటుంది. 75 దాటాక వెనక్కి అడుగేస్తూ కొట్టేదానితో వాడే కింద పడొచ్చు. కింద పడ్డవాడి మీద మాత్రం ఉన్న సత్తువంతా పెట్టొచ్చు. అప్పటిదాకా దాచుకోండి.

అరీనాకు ఎప్పుడు వెళ్లాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. బలం పెంచుకుని, మంచి కవచాలు సంపాదించుకుని, పదిహేనో ఇరవయ్యో లెవెల్‌కు వెళదామనుకుంటారు. ఈ ఆటలో అది తలకిందుల ఆలోచన. ఎదుటివాళ్లు మీ లెవెల్‌ను బట్టే తయారవుతారు. మీరు రెండో లెవెల్‌లో వెళితే ఇనుప కత్తులు, తోలు కవచాలు వేసుకున్నవాళ్లు ఎదురొస్తారు. పెద్దయ్యాక వెళితే వాళ్ల ఒంటి మీద కూడా ఖరీదైన సరుకే ఉంటుంది, చావడానికి చాలాసేపు పడుతుంది. నేనైతే ఆట మొదలయ్యే జైలు సొరంగాల్లోంచి బయటపడి, కాస్త కత్తి తిప్పడం అలవాటు కాగానే నేరుగా ఇంపీరియల్ సిటీలోకి నడవమంటాను. బయటికొచ్చే చోటు నగరం పక్కనే.

ఇంకో కిటుకు. ఒబ్లివియన్‌లో ముఖ్యమైన నైపుణ్యాలు ఎంత పెరిగినా మంచం మీద పడుకుంటేనే లెవెల్ పెరుగుతుంది. పడుకోకపోతే నైపుణ్యాలు పెరుగుతూ పోతాయి, ఎదుటివాళ్లు మాత్రం చిన్నవాళ్లలాగే ఉండిపోతారు. అరీనా పూర్తయ్యేవరకు మంచం ముట్టుకోవద్దని మా తమ్ముడికి గట్టిగా చెప్పాను. ప్రాణం, సత్తువ నింపుకోవాలంటే పడుకోనక్కర్లేదు, టి నొక్కి ఒక గంట వేచి ఉంటే చాలు.

వెళ్లే ముందు సరంజామా. మార్కెట్ డిస్ట్రిక్ట్‌లో ఎ ఫైటింగ్ ఛాన్స్ అనే దుకాణం ఉంది, రోసాన్ అనే ఆవిడ నడుపుతుంది. అక్కడ రిపేర్ సుత్తులు కొనండి. కత్తి అరిగేకొద్దీ దాని దెబ్బ తగ్గుతుంది, డాలు అరిగితే కాపు తగ్గుతుంది. ప్రతి మ్యాచ్ తర్వాత రెండూ సరిచేసుకోండి. ఇది బద్ధకించే పని కాదు.

మందుల విషయంలో నాకు కాస్త పక్షపాతం ఉందనుకోండి. మా తాతగారు ఆయుర్వేద వైద్యులు. ఆయన నల్లరాతి కల్వం ఇప్పటికీ మా షాపులో కౌంటర్ వెనక ఉంది. ఆటలో కూడా ఒక కల్వం ఇస్తారు, మొదటి సొరంగాల్లోనే దొరుకుతుంది. దాన్ని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. వద్దు, అది బంగారం. ఆపిల్, మొక్కజొన్న, క్యారెట్, టమాటా, ఉల్లిపాయ, ఇవన్నీ ఆ లోకంలో సత్తువ నింపేవే. మందుల పని అసలు రానివాళ్లకు కూడా ఈ గుణం తెలుస్తుంది. వీటిలో ఏ రెండు వేసి నూరినా పచ్చ గీత నింపే మందు తయారవుతుంది. పొలాల్లో, ఇళ్ల వంటగదుల్లో, సత్రాల్లో ఈ సరుకు దొరుకుతుంది. అయితే ఎవరి సరుకైనా అడక్కుండా తీస్తే దొంగతనమే, కాబట్టి కొనుక్కోండి. కూరగాయల ఖరీదెంత కనుక. పదిహేను సీసాలు నూరి పెట్టుకున్నానంటే నాకు సగం మ్యాచ్ గెలిచినట్టే ఉంటుంది.

ప్రాణం నింపే మందులు మొదట్లో కొన్ని కొనుక్కోవడమే మేలు. అదే మార్కెట్‌లో ద మెయిన్ ఇన్‌గ్రీడియెంట్ అనే కొట్టు ఉంది. ఒకేసారి ఒంట్లో పనిచేసే మందులు నాలుగే. ఐదోది తాగనివ్వదు. కంగారులో వరసగా తాగేస్తే తర్వాత నిజంగా అవసరమైనప్పుడు నోరు కట్టేసినట్టవుతుంది. మందులను 1 నుంచి 8 వరకు ఉన్న అంకెల మీద పెట్టుకోండి. నాకు 1 మీద కత్తి, 2 మీద ప్రాణం మందు, 3 మీద సత్తువ మందు ఉంటాయి. ఏళ్లుగా మార్చలేదు, చెయ్యి తనంతట తానే వెళుతుంది.

విషం కూడా చేసుకోవచ్చు. నైట్‌షేడ్ అనే మొక్క, ఆటలో ఒబ్లివియన్ అనే పేరుతోనే ఉన్న రాక్షస లోకంలో పెరిగే హరాడా వేరు, రెండింటిలోనూ మొదటి గుణం ప్రాణం తీసేదే. కలిపి నూరి కత్తికి పూస్తే ఒక్క దెబ్బకు పనిచేస్తుంది. వేటు గాలిలో పోతే విషం పోదు, తగిలాకే ఖర్చవుతుంది. దాన్ని చిన్న మ్యాచ్‌లకు వాడి పారేయకండి. పై స్థాయి మ్యాచ్‌లకు దాచండి.

అరీనా కింద నేలమాళిగలో బ్లడ్‌వర్క్స్ ఉంటుంది. మెట్లు దిగగానే చెమట వాసన వస్తుందేమో అనిపించేంత చీకటి, గోడలకు దివిటీలు, ఒక మూల సాధన చేసుకునే బొమ్మలు. ఓవిన్ అనే రెడ్‌గార్డ్ (ఆటలోని ఒక జాతి మనిషి) అక్కడ పెద్ద. మొదటిసారి మాట్లాడితే మిమ్మల్ని చులకన చేస్తాడు, పట్టించుకోకండి. చేరతానని చెబితే నీలి జట్టులో వేసి (ఎదుటివాళ్లది పసుపు జట్టు), బరువైన బట్టలా తేలికైనవా అని అడుగుతాడు. ఆ అరీనా బట్టలు ఒంటి మీద లేకుండా మ్యాచ్‌కు పంపడు. కానీ తలకు హెల్మెట్, చేతికి డాలు, వేళ్లకు ఉంగరాలు మీ సొంతవి పెట్టుకోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియక బోసి తలతో వెళ్లి దెబ్బలు తింటారు. పోటీలు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకే. చేరకముందైతే బయట పందేలు తీసుకునే హుండోలిన్ దగ్గర 25, 50, 100 బంగారు నాణేల పందేలు కాయొచ్చు. చచ్చినవాళ్ల ఒంటి మీది సరుకు తీయడం అక్కడ తప్పు, వాళ్ల కత్తి ఎంత బాగున్నా ముట్టుకోకండి.

బ్లడ్‌వర్క్స్‌లో ఒక నీటి తొట్టి ఉంటుంది, బేసిన్ ఆఫ్ రెన్యువల్ అంటారు. మ్యాచ్ అయ్యాక దాన్ని ముట్టుకుంటే గాయాలు మానిపోతాయి. అది ఉండగా బయటికొచ్చి మందులు ఖర్చు పెట్టకండి.

ఓవిన్‌తో మ్యాచ్ అడిగే ముందు ఎఫ్5 నొక్కి సేవ్ చేయండి. మా వీధిలో వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఒకసారి సేవ్ లేకుండా వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచాను, ప్రకటనకర్త గొంతు వినిపిస్తుండగానే తెర నల్లబడింది. మూడూ మళ్లీ ఆడాల్సి వచ్చింది. అప్పటి నుంచి మెట్టు దిగగానే నా వేలు ఎఫ్5 మీదికి వెళుతుంది.

అరీనాలో గెలుస్తూ ఎక్కాల్సిన హోదాల మెట్లు ఏడు. పిట్ డాగ్, బ్రాలర్, బ్లడ్‌లెటర్, మిర్మిడాన్, వారియర్, గ్లాడియేటర్, హీరో. ఒక్కో మెట్టుకు మూడు మ్యాచ్‌లు, మొత్తం 21. పిట్ డాగ్‌గా గెలిచిన ఒక్కో మ్యాచ్‌కు 50 బంగారు నాణేలు ఇస్తారు, పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. ఆ డబ్బంతా సుత్తులకు, మందులకే పెట్టండి.

ఎదుటివాడు ఎవరన్నది తలుపు దిగాక ఒక్క చూపులో తేల్చుకోవాలి. కత్తి, డాలు పట్టుకున్నవాడైతే పైన చెప్పిన లెక్కే. విల్లు పట్టుకున్నవాడైతే దూరంగా ఆగొద్దు, ఆగితే బాణాలు వేస్తూనే ఉంటాడు. డాలు ఎత్తి, అటూ ఇటూ జరుగుతూ వాడి మీదికి వెళ్లిపోండి. దగ్గరికెళ్లాక విల్లు వదిలి చిన్న కత్తి తీస్తాడు, అక్కడితో వాడి బలం పోయినట్టే. మంత్రాలు విసిరేవాళ్లకు డాలు ఆగదు. ఇసుకలో నిలబడ్డ రాతి స్తంభాల వెనక్కి వెళ్లండి, మంత్రం రాయికి తగిలి పగిలాక మరోటి సిద్ధం చేసుకునేలోపు బయటికొచ్చి మీద పడండి. మంత్రగాళ్ల దగ్గర మాత్రం నేను "రెండు వేట్లు" సూత్రం పాటించను, వాళ్లకు ఊపిరి పీల్చుకునే సమయం ఇవ్వకూడదు.

ఇద్దరు ఒకేసారి వచ్చే మ్యాచ్‌లు కొన్ని ఉన్నాయి. కొత్తవాళ్లు మధ్యలో ఇరుక్కుని చచ్చిపోయేది అక్కడే. మీ పని ఒక్కటే, ఇద్దరూ మీకు ఒకే వరుసలో కనిపించేలా చూసుకోవడం. గుండ్రంగా వెనక్కి నడుస్తూ ఉంటే ఒకడు రెండోవాడికి అడ్డం వస్తాడు. వెనకవాడు విసిరిన కత్తి ముందువాడికే తగిలిన సందర్భాలు నేను ఎన్నో చూశాను. ముందున్నవాడిని పూర్తిగా పడగొట్టాకే రెండోవాడిని చూడండి. కొంత దెబ్బ వీడికి, కొంత దెబ్బ వాడికి పంచితే ఇద్దరూ నిలబడే ఉంటారు. మంత్రవిద్య కాస్త వచ్చినవాళ్లయితే అస్థిపంజరాన్ని పిలవండి. అది గెలిపించకపోయినా ఫర్వాలేదు, ఒకణ్ణి కాసేపు అటు తిప్పుకుంటే చాలు.

ఒక మ్యాచ్‌లో ముగ్గురు ఆర్గోనియన్ (బల్లి రూపపు జాతి) ఖైదీలను వదులుతారు. గెలవడం కష్టమేమీ కాదు. నాకు ఆ మ్యాచ్ అంటే ఇష్టం లేదు. తొందరగా ముగించేసి మెట్లు దిగిపోతాను.

ఇరవై ఒక్క మ్యాచ్‌లూ అయ్యాక ఒక్కడే మిగులుతాడు. గ్రాండ్ ఛాంపియన్ అగ్రోనాక్ గ్రో-మాలోగ్, అందరూ గ్రే ప్రిన్స్ అంటారు. పాలిపోయిన ఒంటి రంగుతో ఉండే ఓర్క్. మొదటి రోజు నుంచీ బ్లడ్‌వర్క్స్‌లో సాధన చేస్తూ కనిపిస్తాడు. మాట కలిపితే మర్యాదగా మాట్లాడతాడు, తన తండ్రి ఒక గొప్ప వంశస్థుడని, దానికి రుజువు అన్విల్ అనే ఊరి దగ్గర క్రోహేవెన్ అనే పాడుబడ్డ కోటలో ఉందని, తెచ్చిపెట్టమని అడుగుతాడు. అక్కడ దొరికేది ఒక డైరీ. తండ్రి లార్డ్ లోవిడికస్ రక్తపిశాచి అని అందులో ఉంటుంది.

ఇక్కడ రెండు దారులున్నాయి. డైరీ తెచ్చి చేతిలో పెడితే అగ్రోనాక్ కృతజ్ఞతగా మీకు కొన్ని యుద్ధవిద్యలు నేర్పుతాడు. కానీ తానెవరో తెలిశాక మనసు విరిగిపోతుంది. చివరి మ్యాచ్‌లో ఎదురుగా నిలబడతాడు, కత్తి ఎత్తడు. చంపేయమంటాడు. కష్టపడకుండా గెలవొచ్చు, అందుకే చాలామంది ఈ దారే చెబుతారు. నేను మొదటిసారి ఆడినప్పుడు ఇది తెలియక డైరీ ఇచ్చేశాను. ఇసుక మీద ఆయన ఊరికే నిలబడి ఉంటే మౌస్ మీద వేలు పెట్టి చాలాసేపు కదల్లేకపోయాను. జనం కేకలు వేస్తున్నారు. చివరికి కొట్టాను. ఆ రాత్రి ఆట మూసేసి మళ్లీ వారం దాకా తెరవలేదు.

అందుకని మా తమ్ముడికి చెప్పింది ఇదే: క్రోహేవెన్‌కు వెళ్లొద్దు, ఆయనతో నిజంగా పోరాడు. ఇన్నేళ్లు ఆ ఇసుక మీద నిలబడినవాడికి కత్తి చేతిలో ఉండగా పడిపోయే హక్కు ఇవ్వాలి. ఓడిపోతే ఎఫ్9 నొక్కి సేవ్ చేసిన చోటి నుంచి మళ్లీ మొదలుపెడదాం.

పోరాటంలో ఆయన తేలికైనవాడు కాదు, ప్రాణం ఎక్కువ, దెబ్బ బరువు. దాచిన విషం ఇప్పుడు తీయండి. తలుపు దిగకముందే కత్తికి పూసుకోండి. మొదటి నిమిషం మీరు కొట్టొద్దు, కాచుకోండి. ఆయన కొట్టే లయ వినండి. తూలినప్పుడు రెండు, అంతే. విషం తగిలాక వెనక్కి జరిగి దాన్ని పనిచేయనివ్వండి, ఆ లోపు మీ పచ్చ గీత నిండుతుంది. ఎరుపు సగానికి రాగానే మందు తాగండి, పావుకు వచ్చేదాకా ఆగొద్దు, ఆయన రెండు దెబ్బలు కలిపి వేస్తే పావు చాలదు. నాలుగు మందుల లెక్క మర్చిపోవద్దు.

నిన్న రాత్రి మా తమ్ముడు ఆ మ్యాచ్ ఆడుతూ ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. నాకు తెర కనిపించదు, డాలు మీద కత్తి పడే చప్పుడు మాత్రం వినిపిస్తోంది. టంగు, రెండు వేట్లు, టంగు, రెండు వేట్లు. మధ్యలో వాడి నోట "కాచు, ఒకటి, రెండు" అని చిన్నగా. మూడోసారికి గెలిచాడు, రెండు సీసాలు మిగిలాయట. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అక్కా, బయట ఎవడో పసుపు జుట్టు నిక్కపొడుచుకున్న పిల్లోడు నన్ను పొగుడుతూ వెంటే వస్తానంటున్నాడు, ఏం చేయమంటావు?" అని అడిగాడు. గ్రాండ్ ఛాంపియన్ అయినవాళ్లందరికీ వాడు తగులుకుంటాడని, ఎక్కడికైనా ప్రమాదమైన చోటికి వెళ్లేటప్పుడు వాణ్ణి వెంట తీసుకెళ్లొద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను.